చిట్టి గుండెకు గడువుందమ్మా!

పాల కోసం గుక్కపట్టి ఏడుస్తుంది. రొమ్ము అందించగానే ఆత్రంగా నాలుగు గుక్కలు తాగుతుంది. అంతలోనే వదిలేసి ఆయాసపడుతుంది. ఫ్యాను తిరుగుతున్నా నుదుటి మీద చెమట బొట్లు! కాసేపాగి మళ్లీ ఏడుపు, మళ్లీ నాలుగు గుక్కలు, మళ్లీ ఆయాసం. మూడో నెల నిండుతున్నా పురుటినాటి చొక్కాలే ఇంకా వదులుగా ఉంటాయి. ‘తల్లికి పాలు చాలడం లేదు’ అంటుంది అత్తగారు. ‘దిష్టి తగిలింది’ అంటుంది పక్కింటావిడ. ‘పక్షిదోషం... తాయెత్తు కట్టించండి’ అంటారు మరొకరు. రెండుసార్లు నెమ్ము చేసి ఆస్పత్రిలో పెడితే, ‘పసిగుడ్డును చలిగాలికి తిప్పావు’ అని మళ్లీ తల్లినే అంటారు.

ఆ చెమటకూ ఆ ఆయాసానికీ కారణం గుండెలో పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చునన్న అనుమానం ఆ ఇంట్లో ఎవరికైనా వస్తుందా? వచ్చినా ఎన్నో నెలలో వస్తుంది? గుండె లోపంతో పుట్టిన బిడ్డ విషయంలో డబ్బు కంటే, ధైర్యం కంటే ముందు లెక్కలోకి వచ్చేది ఈ ‘ఎన్నో నెల’ అన్నదే.

సింగరాయకొండనే తీసుకోండి. హైవే ఉంది, రైలుంది. పాకల, ఊళ్లపాలెం సముద్రపు ఒడ్డు నుంచైనా, సోమరాజుపల్లి, బింగినపల్లి నుంచైనా ఆటో ఎక్కితే ఊళ్లోకి రావచ్చు. ఒంగోలు దగ్గరే. పై వైద్యానికి ఉత్తరంగా వెళ్లే రైలెక్కితే విజయవాడ, దక్షిణంగా వెళ్లేది ఎక్కితే నెల్లూరు, గూడూరు మీదుగా ఇటు తిరుపతి, అటు మద్రాసు. చిన్నపిల్లల గుండె ఆపరేషన్లు చేసే పెద్దాస్పత్రులు ఒక్క రాత్రి ప్రయాణంలో ఉన్నాయి. కార్డుంటే ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ పథకమే భరిస్తుంది. ఇరవై ఐదేళ్ల కిందట ఈ మాట చెబితే ఎవరూ నమ్మేవారు కాదు. అయినా మన దేశంలో ఐదేళ్లకో, పదేళ్లకో, పెళ్లీడుకో మొదటిసారి గుండె డాక్టరు ముందుకొచ్చే పిల్లలు ఇప్పటికీ తక్కువేం కాదు.

పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు 8, 9 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుందని అంచనా. ఆ లెక్కన మన దేశంలో ఏటా 2 లక్షల మందికి పైగానే. వీళ్లలో దాదాపు ఐదో వంతు పిల్లలకు మొదటి పుట్టినరోజు లోపే ఆపరేషనో, మరో చికిత్సో జరిగి తీరాలి.

కాలువకు గండి పడినట్టు...

గుండెకు నాలుగు గదులు. కుడివైపు రెండూ చెడురక్తాన్ని ఊపిరితిత్తులకు పంపుతాయి. ఎడమవైపు రెండూ మంచిరక్తాన్ని ఒళ్లంతటికీ పంపుతాయి. మధ్యలో గోడ ఉంటుంది. తల్లి కడుపులో ఎనిమిది వారాలు నిండేసరికే ఈ కట్టడమంతా దాదాపు పూర్తయిపోతుంది. అంటే, నెల తప్పిన సంగతి నలుగురికీ చెప్పుకునే లోపే!

ఆ గోడ పూర్తిగా పూడకుండా పై గదుల మధ్య రంధ్రం మిగిలితే ఎ.ఎస్.డి. అంటారు. కింది గదుల మధ్య మిగిలితే వి.ఎస్.డి. కడుపులో ఉన్నప్పుడు అవసరమై, పుట్టాక మూసుకోవాల్సిన ఒక నాళం మూసుకోకపోతే పి.డి.ఎ. మన ఊళ్లలో అన్నిటినీ కలిపి ‘గుండెకు చిల్లు’ అనేస్తాం. చిల్లు అనగానే రక్తమంతా బయటికి కారిపోతుందేమోనని కొందరు తల్లులు హడలిపోతారు. అలా ఏం కాదు. రక్తం గుండెలోనే ఒక పక్కనుంచి మరో పక్కకు దారితప్పుతుంది, అంతే.

ఎడమవైపు ఒత్తిడి ఎక్కువ. పెద్ద కాలువకు గండి పడితే నీళ్లు పక్క పొలంలోకి తోసుకొచ్చినట్టు, ఎడమవైపు రక్తం రంధ్రంలోంచి కుడివైపుకీ, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లోకీ అవసరానికి మించి వెళ్తుంది. అందుకే ఆయాసం. అందుకే మాటిమాటికీ నెమ్ము, డొక్కలెగరేయడం. ఆ బిడ్డకు పాలు తాగడమంటే మనం బిందెతో నీళ్లు మోసుకుంటూ మెట్లెక్కడమంత పని. తాగిన కాసిని పాలూ ఊపిరి తీయడానికే ఖర్చయిపోతాయి. ఇక ఒళ్లెలా చేస్తుంది?

రంధ్రాలన్నీ ఒకటి కాదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. చిన్న వి.ఎస్.డి.లు చాలావరకు వాటంతటవే మూసుకుంటాయి. డాక్టరు స్టెతస్కోపు పెట్టి ‘మర్మర్ వినిపిస్తోంది’ అన్నంత మాత్రాన కంగారు పడక్కర్లేదు. ఏ లోపమూ లేని పిల్లల్లోనూ ఆ శబ్దం ఉంటుంది. అసలు సంగతి ఎకో పరీక్షలో తేలుతుంది. సూది గుచ్చడం లేదు, నొప్పి లేదు. కడుపుతో ఉన్నప్పుడు చేసే స్కానింగు లాంటిదే.

భయపడాల్సింది పెద్ద గండితో. ఏళ్ల తరబడి ఆ ఉరవడి తట్టుకుని తట్టుకుని ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిరుసెక్కిపోతాయి. ఇక్కడే ఒక మాయ ఉంది. ఈ దశలో బిడ్డ కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది! నెమ్ములు తగ్గుతాయి. ఆయాసం తగ్గుతుంది. కాస్త ఒళ్లు కూడా చేయవచ్చు. ‘చూశారా, కోతా గీతా లేకుండానే సర్దుకుంది’ అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. నిజానికి సర్దుకున్నది జబ్బు కాదు. బిరుసెక్కిన నాళాల్లోకి రక్తం పోలేక ఆగింది. కొన్నాళ్లకు కుడివైపు ఒత్తిడే ఎక్కువై చెడురక్తం ఎడమవైపుకు తిరుగుతుంది. పెదాలు, గోళ్లు నీలమవుతాయి. డాక్టర్లు దీన్ని ఐసన్‌మెంగర్ దశ అంటారు. అప్పుడు రంధ్రం మూస్తే ప్రాణానికే ముప్పు కనుక సర్జన్లు కత్తి పట్టరు. మందులతో నెట్టుకురావడమే.

అందాల తార మధుబాల తెలుసు కదా! ఆమెకున్నది ఈ వి.ఎస్.డి. రంధ్రమే. 1954లో మద్రాసులో ఒక హిందీ సినిమా షూటింగులో ఉండగా రక్తం కక్కుకున్నాక జబ్బు సంగతి బయటపడింది. 1960లో లండన్ తీసుకెళితే ఆపరేషన్‌కు అవకాశం లేదన్నారు. 1969 ఫిబ్రవరి 23న, 36 ఏళ్లకే కన్నుమూసింది. అప్పుడు ప్రపంచంలోనే ఆ వైద్యం పసిగుడ్డుగా ఉంది, ఎవర్నీ అనడానికి లేదు. ఇప్పుడు అదే లోపం మన ఇంట్లో పిల్లకుంటే మూయించడానికి ఆస్పత్రి ఉంది, డాక్టరున్నారు. లేనిదల్లా సమయానికి తీసుకెళ్లడమే.

దేనికెంత గడువు?

ప్రతి బిడ్డకూ గడువు డాక్టరే చెప్పాలి. అయినా తల్లికి ఒక అంచనా ఉంటే ‘పెద్దయ్యాక చూద్దాంలే’ అన్న మాటకు ఎదురు చెప్పగలుగుతుంది. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారైన పిల్లలకు గడువు వారాల్లోనే. పుట్టిన మొదటి నెలలోపే ఆపరేషన్ జరగాలి. పెద్ద వి.ఎస్.డి. అయితే మూడు నుంచి ఆరు నెలలు, ఎంత ఆగినా ఏడాది లోపు. పి.డి.ఎ. పెద్దదైతే అదీ ఏడాది లోపే. నీలి బిడ్డలకు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది మధ్యలో చేస్తారు. ఒక్క ఎ.ఎస్.డి.కి మాత్రం కాస్త వెసులుబాటు. రెండేళ్లు దాటాక, బడిలో వేసే లోపు మూయించవచ్చు.

‘బిడ్డ పది కిలోలయ్యాక తీసుకురండి’ అన్న పాతకాలపు మాట ఇంకా కొన్ని ఇళ్లలో చెలామణిలో ఉంది. గుండె లోపం వల్లే బరువు పెరగని బిడ్డకు, బరువు పెరిగాక ఆపరేషన్ చేయిస్తామంటే ఎలా? నాలుగైదు కిలోల పసివాళ్లకు, ఇంకా చిన్నవాళ్లకు కూడా ఇప్పుడు చేస్తున్నారు.

కనిపెట్టేది ముందు అమ్మ కళ్లే. పాలు తాగుతూ చెమట, ఆగి ఆగి తాగడం, నిద్రలోనూ ఎగశ్వాస, నెలకో రెండు నెలలకో నెమ్ము, పెరగని బరువు, ఏడిస్తే నీలమయ్యే పెదాలు, నాలుక. వీటిలో ఏది కనిపించినా ‘గుండె పరీక్ష చేయిద్దామా డాక్టరు గారూ?’ అని మీరే నోరు తెరిచి అడగండి. ఏమనుకుంటారోనని మొహమాటపడే చోటు కాదిది. ఒక సంగతి గుర్తుంచుకోండి. చలికి చేతులు, పాదాలు మాత్రమే కాస్త నీలంగా ఉండటం పసిపిల్లల్లో మామూలే. నాలుక, పెదాల లోపల నీలమైతే మాత్రం ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

కరోనా రోజుల్లో వేలికి పెట్టుకున్న క్లిప్పు గుర్తుందా? పల్స్ ఆక్సీమీటర్. పుట్టి 24 గంటలు దాటిన బిడ్డకు కుడిచేతికీ, ఒక పాదానికీ పసిపిల్లల క్లిప్పు పెట్టి చూస్తే, పైకి ఆరోగ్యంగా కనిపించే పిల్లల్లో కూడా ప్రమాదకరమైన లోపాలు కొన్ని పట్టుబడతాయి. అంకె 95, ఆ పైన ఉండి, చేతికీ పాదానికీ పెద్ద తేడా లేకపోతే మంచిదే. 90 కంటే తక్కువైతే వెంటనే పై డాక్టరుకు చూపించాలి. మధ్యలో ఉంటే గంటాగి మళ్లీ చూస్తారు. రెండు నిమిషాల పని. కాన్పు చేసిన చోట ఇంటికి పంపేముందు ‘బిడ్డకు ఆక్సిజన్ చూశారా?’ అని అడిగితే తప్పేముంది? అంతకంటే ముందే, ఐదో నెలలో చేసే టిఫా స్కానింగులో నాలుగు గదులూ సరిగ్గా ఉన్నాయో లేదో చాలావరకు చెబుతారు. అనుమానం వస్తే కడుపులోని బిడ్డకే ఎకో తీస్తారు. లోపముందని ముందే తెలిస్తే కాన్పు ఎక్కడ జరగాలో నిర్ణయించుకోవచ్చు. పుట్టాక అంబులెన్సుల్లో పరుగులు తప్పుతాయి.

అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆరోగ్య బృందాలను కూడా తేలిగ్గా తీసుకోకండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఈ బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి రావాలి. గుండె లోపాలు కూడా వాళ్ల జాబితాలో ఉన్నాయి. అనుమానం ఉన్న పిల్లల్ని డి.ఇ.ఐ.సి. అని పిలిచే జిల్లా కేంద్రానికి పంపుతారు. ఆ రోజు పిల్లను బడి మాన్పించి మిరపకోతలకు వెంట తీసుకుపోతే ఆ అవకాశం పోయినట్టే.

నీలి బిడ్డలు... ఒక డాక్టరమ్మ

కొందరు పిల్లలు పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉన్నట్టుండి గొంతుక్కూర్చుంటారు. ఆయాసం తీరాక లేచి మళ్లీ ఆడతారు. చూసేవాళ్లకు అదేదో అలవాటనిపిస్తుంది. ఊపిరితిత్తులకు రక్తం చాలినంత వెళ్లని ‘ఫాలట్’ లోపమున్న పిల్లలు తమకు తామే కనిపెట్టుకున్న ఉపాయమది. అలా ముడుచుకు కూర్చుంటే ఊపిరితిత్తులకు రక్తం కాస్త ఎక్కువ వెళ్తుంది. పసిబిడ్డ అయితే ఏడుస్తూ ఏడుస్తూ నీలమై, సొమ్మసిల్లవచ్చు. అప్పుడు నీళ్లు చల్లడం, బిగ్గరగా ఏడవడం వద్దు. బిడ్డ మోకాళ్లు రెండూ మడిచి రొమ్ముకు ఆనించి పట్టుకుని, ఊరుకోబెడుతూ ఆస్పత్రికి బయల్దేరాలి.

ఈ నీలి బిడ్డలకు దారి చూపింది ఒక స్త్రీ. అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో పనిచేసిన హెలెన్ టాసిగ్. ముప్పైల్లోనే ఆమెకు వినికిడి పోయింది. గుండె డాక్టరుకు చెవులే లేకపోతే ఎలా? ఎదుటివాళ్ల పెదాల కదలిక చూసి మాటలు అర్థం చేసుకుంది. పిల్లల రొమ్ము మీద చేయి ఉంచి గుండె చప్పుడు వేళ్లతో తెలుసుకుంది. నీలి బిడ్డల్లో పి.డి.ఎ. నాళం మూసుకోని పిల్లలు కాస్త ఎక్కువ కాలం బతుకుతున్నారని గమనించింది. అంతకు కొన్నేళ్ల ముందే, 1938లో, బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ అనే సర్జన్ ఆ నాళాన్ని ముడివేసి మూయడంలో పేరు తెచ్చుకున్నాడు. టాసిగ్ ఆయన దగ్గరికి వెళ్లి ‘మూయడం కాదు, లేనివాళ్లకు అలాంటి నాళం కట్టగలరా?’ అని అడిగింది. ఆయన ఆసక్తి చూపలేదు. ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ ఒప్పుకున్నాడు. 1944 నవంబరు 29న 15 నెలల పాపకు ఆ ఆపరేషన్ జరిగింది. ఆ పాప బరువు నాలుగు కిలోల చిల్లర! బ్లాలాక్ వెనక ఒక స్టూలు మీద నిలబడి ప్రతి కుట్టూ ఎలా వేయాలో చెప్పినవాడు వివియన్ థామస్. ప్రయోగశాలలో కుక్కల మీద ఆ ఆపరేషన్‌ను సాధించిన నల్లజాతి సహాయకుడు. డాక్టరు చదువు చదవడానికి డబ్బుల్లేక ఆగిపోయినవాడు. ఆ పాప ఎక్కువ కాలం బతకలేదు. కానీ ఆ ఆపరేషన్ బతికింది. కొద్ది మార్పులతో ఈ రోజుకూ చేస్తున్నారు.

తప్పంతా తల్లిదేనా?

‘గ్రహణం రోజున కూరగాయలు తరిగింది’, ‘కడుపుతో ఉండి చావింటికి వెళ్లింది’... బిడ్డ గుండెలో లోపముందని తెలిసిన రోజునుంచీ ఆ తల్లి వినని మాట ఉండదు. గ్రహణానికీ గుండెకూ ఏ సంబంధమూ లేదు. ఎక్కువమంది పిల్లల్లో ఫలానా కారణమని డాక్టర్లు కూడా చెప్పలేరు.

కొన్నిటిని మాత్రం చెప్పుకోవాలి. మేనరికాల్లో ఈ లోపాలు వచ్చే అవకాశం కొంత ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో దాదాపు నాలుగింట ఒక పెళ్లి రక్తసంబంధీకుల మధ్యే. ‘ఆస్తి బయటికి పోకూడదు, అక్క కూతురు పరాయింటికి పోకూడదు’ అని సంబంధం కలిపేటప్పుడు పెద్దలంతా పెద్దలే. తీరా బిడ్డకు లోపం వస్తే మటుకు తల్లి ఒక్కతే దోషి! ఇదెక్కడి న్యాయం?

కడుపుతో ఉండగా చక్కెర జబ్బు అదుపులో లేకపోవడం, మూర్ఛ మందులు కొన్ని, మరీ ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో వచ్చే రుబెల్లా, అంటే జర్మన్ తట్టు, బిడ్డ గుండెను దెబ్బతీస్తాయి. రుబెల్లా గుట్టు విప్పిన కథ కూడా ఆడవాళ్ల కబుర్లలోంచే వచ్చిందని చెబుతారు. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు, పుట్టుకతో శుక్లాలున్న పసిపిల్లలు ఎక్కువగా వస్తున్నారేమిటా అని ఆలోచిస్తున్నాడు. బయట వరసలో కూర్చున్న తల్లులు ‘కడుపుతో ఉండగా నాకు తట్టు పోసింది’, ‘నాకూ పోసింది’ అని చెప్పుకుంటున్న మాటలు ఆయన చెవినబడ్డాయట. ఆ పిల్లల్లో చాలామందికి గుండె లోపం కూడా ఉందని ఆయన రాశాడు. మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో తట్టు-రుబెల్లా టీకా ఊరూరా వేశారు. ఇప్పుడు తొమ్మిదో నెలలో ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఒకటి వేస్తున్నారు. పెళ్లికి సిద్ధంగా ఉన్న అమ్మాయికి ఆ టీకా పడిందో లేదో తెలియకపోతే డాక్టరునడిగి వేయించవచ్చు. వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

మచ్చ భయం

అసలు మాటకొద్దాం. ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు 2011లో ఒక పరిశీలన ప్రచురించారు. గుండె ఆపరేషన్ చేయించమని చెప్పిన 12 ఏళ్ల లోపు పిల్లల్లో ఏడాది తిరిగేసరికి ఎంతమందికి ఆపరేషన్ అయిందని చూశారు. మగపిల్లల్లో 70 శాతం. ఆడపిల్లల్లో 44 శాతం! అదే ఆస్పత్రి, అవే జబ్బులు, అవే డాక్టర్లు. మరి తేడా ఎక్కడుంది? డబ్బుల ఇబ్బందితో పాటు, రొమ్ము మీద మచ్చ పడితే రేపు పెళ్లెలా అన్న దిగులు కూడా ఆడపిల్లల తల్లిదండ్రుల్ని వెనక్కి లాగిందని తేలింది.

అది ఢిల్లీ సంగతి, మనకేం అనుకోవడానికి లేదు. ‘ఆడపిల్లకు కోత మచ్చ ఉంటే రేపు ఎవరు చేసుకుంటారే?’ అన్న మాట మన ఇళ్లలో కొత్తది కాదు. ఎకో రిపోర్టు బీరువాలో చీరల కింద దాచి, ‘బయట ఎవరికీ చెప్పొద్దు’ అని పిల్ల చేత ఒట్టు వేయించుకునే ఇళ్లున్నాయి. కొడుక్కైతే మరునాడే రైలెక్కుతారు. కూతురికైతే ‘పొగాకు అమ్మకాలు కానీ’, ‘వచ్చే సంక్రాంతి పోనీ’, ‘పెద్దపిల్ల పెళ్లి కానీ’...

కానీ ఆ పెళ్లి తర్వాత ఏమవుతుందో ఆలోచించారా? గర్భిణికి ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. ఆ బరువంతా మోయాల్సింది గుండే. చిన్నప్పుడే రంధ్రం మూయించుకుని, ఊపిరితిత్తులు బాగున్న అమ్మాయి అందరిలాగే పిల్లల్ని కనవచ్చు. డాక్టరు కంట్లో ఉంటే చాలు. అదే రంధ్రాన్ని దాచి దాచి ఐసన్‌మెంగర్ దశకు తెచ్చుకున్న అమ్మాయికి గర్భమే ప్రాణగండం. అలాంటి గర్భిణులు పది మందిలో ముగ్గురు నుంచి ఐదుగురు దాకా చనిపోయే ప్రమాదముందని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. మచ్చ లేకుండా పెళ్లి చేయాలని ఆపితే, ఆ పెళ్లైన పిల్లే మనకు దక్కకుండా పోవచ్చు.

ఆ మచ్చ కూడా ఇప్పుడు అన్ని సందర్భాల్లోనూ ఉండదు. ఎ.ఎస్.డి.లు, పి.డి.ఎ.లు చాలావాటిని తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, గొడుగులా విచ్చుకునే చిన్న పరికరంతో మూసేస్తున్నారు. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి రావచ్చు. కొన్ని రకాల వి.ఎస్.డి.లకూ ఈ పద్ధతి పనికొస్తుంది. వాటికి వాడే పరికరాల్లో ఒకదాని పేరు ‘కోనార్’. హైదరాబాద్‌లో చిన్నపిల్లల గుండె డాక్టరుగా పనిచేసే కోనేటి నాగేశ్వరరావు పేరులోని అక్షరాలే అవి. మనవాడు రూపొందించిన పరికరం విదేశాల పిల్లల గుండెల్లోనూ ఉంది. మన ఊరి పిల్ల మాత్రం మచ్చ భయంతో ఇంట్లో కూర్చుంది!

కోత తప్పని లోపాలూ ఉన్నాయి. ఏడాది లోపు కోస్తే మచ్చ పిల్లతోపాటు సాగి సన్నబడుతుంది. జాకెట్టు కప్పేసే మచ్చ అది. సంబంధం చూసుకునేటప్పుడు డాక్టరు రాసిచ్చిన కాగితం ముందే చూపించి, ‘చిన్నప్పుడు రంధ్రముంది, మూయించాం, ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు’ అని చెప్పేయడమే నయం. దాచి చేసిన పెళ్లిళ్లలో తర్వాత వచ్చే గొడవలే ఎక్కువ.

డబ్బు సంగతి

ఒకప్పుడు ఈ ఆపరేషన్ అంటే పొలం అమ్మడమే. 1991 నవంబరులో పుట్టపర్తిలో సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి మొదలై గుండె ఆపరేషన్లు ఉచితంగా చేయడం పేదవాళ్లకు పెద్ద ఊరట. 2004 తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి పిల్లల గుండె ఆపరేషన్లు చేయించింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం బోర్డు మారింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. పిల్లల గుండె ఆపరేషన్లు మాత్రం జాబితాలోంచి పోలేదు. బకాయిలు రాలేదని ఆస్పత్రులు సేవలు ఆపిన రోజులూ ఉన్నాయి కాబట్టి, బయల్దేరే ముందే 104కు ఫోన్ చేసో, ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడిగో కనుక్కోవడం మంచిది.

సింగరాయకొండ వాళ్లకు బాగా కలిసొచ్చేది తిరుపతి. 2021 అక్టోబరు 11న తిరుమల తిరుపతి దేవస్థానం అక్కడ శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభించింది. పిల్లల గుండెల కోసమే ఉన్న ఆస్పత్రి. ఇప్పటికి వేల మంది పిల్లలకు చికిత్స చేశారు. విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌లో సినీనటుడు మహేశ్‌బాబు ఫౌండేషన్ అండతో వెయ్యికి పైగా పిల్లలకు ఆపరేషన్లు జరిగాయి. ఇంగ్లండ్‌లోని హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థ డాక్టర్లు కూడా అక్కడికి వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్తుంటారు. హైదరాబాద్‌లో డాక్టర్ మన్నం గోపీచంద్ బృందం ‘హృదయ’ ఫౌండేషన్ పేరుతో చాలాకాలంగా ఈ పని చేస్తోంది.

ఆపరేషన్ ఉచితమే కానీ కూలి పోతుంది, దారి ఖర్చులుంటాయి, ఇంట్లో మిగతా పిల్లల్ని చూసే మనిషి కావాలి. తల్లి బిడ్డతో వార్డులో ఉంటే తండ్రి బయట చెట్టు కింద పడుకుంటాడు. పుట్టింటివాళ్లో, తోడికోడలో పదిహేను రోజులు ఇల్లు చూసుకుంటామని ముందుకొస్తే, అది ఆ బిడ్డకు వెయ్యి నూటపదహార్లు చదివించిన దాని కంటే ఎక్కువ.

ఇంటికొచ్చాక...

గాజుబొమ్మలా చూడటం మొదలవుతుంది. ‘పరిగెత్తకు’, ‘ఏడవకు’, ‘ఎండలోకి పోకు’. మామూలు రంధ్రం మూయించిన పిల్లలు డాక్టరు చెప్పిన కొద్ది వారాలు ఆగి, ఆ తర్వాత అందరిలాగే ఆడుకోవచ్చు, బడికి పోవచ్చు. పందెంలో పరిగెత్తే పిల్లలూ ఉన్నారు. ఏ ఆటలు వద్దో డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని బడిలో ఇవ్వండి. లేకపోతే టీచర్లు కూడా భయపడి పిల్లను ఓ మూల కూర్చోబెడతారు. నలుగురూ ఆడుతుంటే చూస్తూ కూర్చోవడం పిల్లకు ఆపరేషన్ కంటే కష్టం.

పళ్లు జాగ్రత్త! ఇది చాలామందికి తెలియదు. పుచ్చిపోయిన పళ్లలోంచి సూక్ష్మక్రిములు రక్తంలో చేరి గుండెలోని లోపం ఉన్నచోట తిష్ఠ వేస్తాయి. రోజూ రెండుపూటలా పళ్లు తోమించాలి. పన్ను పీకించేటప్పుడు గుండె సంగతి పళ్ల డాక్టరుకు ముందే చెప్పాలి. చెవులు కుట్టించడానికి కంసాలి దగ్గరికి తీసుకెళ్లే ముందు కూడా గుండె డాక్టరును ఓ మాట అడగండి.

ఆపరేషన్ కోసం ఎదురుచూసే పిల్లల సంగతి వేరు. ఒంట్లో నీరు తగ్గించే మందు వాడితే పిల్ల మాటిమాటికీ పక్క తడుపుతోందని మందు ఆపేసే తల్లులున్నారు. అది పనిచేస్తోందనడానికి గుర్తే ఆ తడి! సొంతంగా ఆపకండి. టీకాలు ఏవీ మానకండి. నీలి బిడ్డలకు రోహిణి కార్తె ఎండల్లో విరేచనాలు పట్టుకుంటే రక్తం చిక్కబడి ప్రమాదం. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తహీనత ఉంటే నీలమయ్యే బాధ ఇంకా ఎక్కువవుతుంది కనుక ఐరన్ చుక్కలు ఎంత వేయాలో అడిగి వేయండి. బరువు పెరగని బిడ్డకు ఆరో నెల దాటాక ఉగ్గులో ఓ చెంచా నెయ్యో నూనో కలిపి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి.

తర్వాతి కాన్పు గురించి కూడా అడగడానికి సిగ్గుపడకండి. ఒక బిడ్డకు లోపముంటే తర్వాతి బిడ్డకూ వచ్చే అవకాశం నూటికి రెండు మూడు. అంటే తొంభై ఏడుగురు ఏ లోపమూ లేకుండా పుడతారు. కాకపోతే ఈసారి ఐదో నెలలో కడుపులోని బిడ్డకు ఎకో తప్పనిసరి.

రైలెక్కే ముందు ఒక ప్లాస్టిక్ కవరులో పాత రిపోర్టులన్నీ పెట్టుకోండి. ఎకో కాగితం, టీకాల కార్డు, రేషన్ కార్డు, ఆధార్, వాడుతున్న మందుల సీసాలు. అన్నిటినీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచితే ఇంకా మంచిది. డాక్టరు దగ్గర మూడే మూడు ప్రశ్నలు: లోపం పేరేమిటి? ఏ నెలలోగా చేయించాలి? ఆగమంటే ఎందుకు ఆగమంటున్నారు? మళ్లీ రమ్మన్న తేదీ చీటీ మీద ఉంటే ఎక్కడో పోతుంది. ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన రోజు రాస్తాం కదా! ఆ పక్కనే ఎర్ర పెన్నుతో ఆ తేదీ కూడా రాసుకోండి.